అప్పగింతలు

పాస్టరు భార్యగా నా సంసారం ఖమ్మం, వరంగల్ వైపు ఊళ్లలోనే సాగింది. ఇప్పుడు వయసు మీద పడింది. ఆయన లేరు, పిల్లలు దూరంగా ఉన్నారు. స్త్రీల మైత్రి కూటానికి వెళ్లినప్పుడల్లా కొత్తగా కాపురానికి వచ్చిన పాస్టరమ్మలు నా చుట్టూ చేరతారు. "అన్నీ ప్రభువుకి అప్పజెప్పేయమంటారు గదా అమ్మగారూ, ఎట్లా అప్పజెప్పాలో మాత్రం ఎవరూ చెప్పరు" అని ఒకమ్మాయి నిష్ఠూరంగా అన్నది. నిజమే. ప్రసంగంలో అది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. బతుకులో మాత్రం ఒక్కో వస్తువు దగ్గర, ఒక్కో మనిషి దగ్గర మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. నాకు తెలిసినంత రాస్తున్నాను. ఏది పెద్దది, ఏది చిన్నది అని చూసి పెట్టిన వరుస కాదిది, గుర్తొచ్చిన వరుస.

1. చెడ్డ అలవాట్ల దగ్గరే ఆగిపోకండి

బూడిద బుధవారం నుంచి ఈస్టరు దాకా, మధ్యలో ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. శ్రమదినాలు వచ్చాయంటే చాలా ఇళ్లలో మాంసం బందు. కొందరు కాఫీ మానేస్తారు, ఈ మధ్య పిల్లలు ఇన్‌స్టాగ్రామ్ మానేస్తున్నారు. మంచిదే, నేనూ మానతాను. కానీ మట్టల ఆదివారం నాటికే ఈస్టరు బిర్యానీకి ఎన్ని కిలోలు చెప్పాలన్న లెక్క మొదలవుతుంది. దాన్ని వదలడమని నేననను, వాయిదా అంటాను.

అబ్రాహామును దేవుడు ఏ దురలవాటు మానమనీ అడగలేదు. ఇస్సాకును అడిగాడు. ముసలితనంలో పుట్టినవాడు, పైగా దేవుడే మాట ఇచ్చి మరీ ఇచ్చిన బిడ్డ. నక్షత్రాలంత సంతానమన్న వాగ్దానమంతా ఆ ఒక్క పిల్లవాడి మీదే ఆధారపడి ఉంది. ఆదికాండము 22వ అధ్యాయం చదివిన ప్రతిసారీ నా మనసు శారా మీదికి పోతుంది. ఆ అధ్యాయంలో తల్లి ఊసే లేదు. తండ్రి మాత్రం తెల్లవారుజామునే లేచి కట్టెలు చీల్చుకున్నాడు.

మన దగ్గర దేవుడు అడిగేది కూడా చాలాసార్లు ఆయన ఇచ్చినదే అయి ఉంటుంది: పరిచర్య, మంచి పేరు, పిల్లలు, ఇల్లు. తాగుడు మానతానంటే సంఘమంతా నీకోసం మోకాళ్లూనుతుంది. మంచిదాన్ని వదలాల్సి వచ్చినప్పుడు మాత్రం "నువ్వెందుకు వదలాలి?" అని నీ పక్షాన వాదించేవాళ్లే చుట్టూ ఉంటారు. ఆ వాదన తియ్యగా ఉంటుంది కూడా.

2. మొక్కలు నాటండి, కాయలు ఎవరు కోసుకున్నా సరే

ఆయన రిటైరయ్యే దాకా మాకు సొంతిల్లు లేదు. ఏ ఊరు వెళ్లినా చర్చి పక్కన బంగళా. బంగళా అంటే పెద్దదనుకునేరు. ఆ పేరు మిషనరీల నాటిది. మేమున్నవాటిలో చాలావరకు రెండు గదుల ఇళ్లు, వానొస్తే నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాల్సిందే. బదిలీ ఉత్తర్వు ఎండాకాలంలో, పిల్లల బడులు మూశాక వచ్చేది. ఇంట్లో అట్టపెట్టెలు పారేయకపోవడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు ఏ బదిలీ లేకపోయినా మంచం కింద దాస్తాను. మా పనిపిల్ల వాటిని చూసి విసుక్కుంటుంది.

మొదటి ఊళ్లో మునగ, కరివేపాకు, రెండు జామ మొక్కలు పెట్టాను. జామ కాపుకొచ్చిన ఏడే ఉత్తర్వు వచ్చింది. బండిలో సామాను ఎక్కిస్తుంటే చెట్టు నిండా పిందెలు. నాకంటే పెద్దావిడ, ఆమె కూడా పాస్టరమ్మే, "ఇక మీదట చెట్లు పెట్టకు. బెండ, వంగ, తోటకూర వేసుకో. నువ్వున్నన్నాళ్లలో చేతికొస్తాయి" అని చెప్పింది. లెక్కకి అది సరైన సలహా. నాకు మాత్రం ఎక్కలేదు.

ఎందుకంటే ఆ తరువాత దిగిన బంగళా వెనక పెద్ద మామిడి చెట్టుంది. ఎవరు పెట్టారో సంఘంలో ముసలివాళ్లకి కూడా తెలియదు. ఆ ఏడు మా ఆవకాయ జాడీ ఆ చెట్టు కాయలతోనే నిండింది. తాము కట్టని ఇళ్లు, తవ్వని బావులు, నాటని తోటలు ఇశ్రాయేలీయుల చేతికి వస్తాయని ద్వితీయోపదేశకాండంలో ఉంది. ఆ మాట మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో! అన్నీ పుచ్చుకునేవాళ్ల వైపు నుంచే. బావి తవ్వి వెళ్లిపోయినవాడి వైపు నుంచి ఒక్కరూ చెప్పలేదు. యిర్మీయా అయితే బబులోను చెరలో ఉన్నవాళ్లకి ఉత్తరం రాస్తూ, ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకుని వాటి పంట తినండి అన్నాడు. వాళ్లకి 70 ఏళ్ల గడువుంది. మాకు అన్నేళ్లెక్కడివి!

అయినా ప్రతి ఊళ్లోనూ ఏదో ఒక చెట్టు పెట్టాను. పోవలసినవాళ్లమే గదా అని ముందునుంచే ముభావంగా ఉండే పాస్టరమ్మల్ని చూశాను. గోడకి మేకు కొట్టరు, పక్కింటి పిల్లల పేర్లు అడగరు. వాళ్లకి వెళ్లేటప్పుడు ఏడుపు రాదు, ఆ మాట వాళ్లే గొప్పగా చెప్పుకుంటారు. దాన్ని వైరాగ్యమనడానికి నాకు నోరు రాదు. మనసు పెట్టనిదాన్ని వదలడంలో దేవుడికి ఇచ్చిందేముంది? నేను ఏడ్చేదాన్ని. ఏడ్చి, తాళం చెవి కొత్త అమ్మగారి చేతిలో పెట్టి, ఏ చెట్టుకి ఏ పూట నీళ్లో చెప్పి బండెక్కేదాన్ని.

3. ఫ్యాను రెక్కల మీద పేర్లు

మన చర్చిల్లో బల్లల మీద, గోడ గడియారం మీద, చివరికి ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లుంటాయి. తిరిగే ఫ్యాను మీద పేరు చదవలేమని ఎవరికీ తోచదు. ఒక ఊళ్లో పాత బల్లలు మార్చి కుర్చీలు వేయాలని కమిటీ తీర్మానిస్తే, ఎప్పుడో బల్ల ఇచ్చిన కుటుంబం పదిరోజులు చర్చికి రాలేదు. ఇచ్చేశారు, వదల్లేదు. ఇంతకంటే ఇందులో చెప్పడానికేమీ లేదు.

4. కుర్చీ ఖాళీ చేశాక ఆ గది గుమ్మంలో నిలబడకండి

మా ఆయన రిటైరయ్యాక మొదటి ఏడాదంతా ఫోన్లే. "మా అమ్మాయి పెళ్లి అయ్యగారే చేయాలి." "నాన్న భూస్థాపనకి అయ్యగారు రావాలి." ఆయన ప్రతివాళ్లకీ ఒకే జవాబు: "మీ అయ్యగారిని అడగండి. ఆయన పిలిస్తే వస్తాను, వెనక బల్ల మీద కూర్చుంటాను." కొందరు నొచ్చుకున్నారు. నాకు కూడా, నిజం చెప్పొద్దూ, ఆ పిలుపులు తగ్గుతుంటే ఇల్లు చిన్నదైపోయినట్టుండేది. పాస్టరమ్మ అన్న పేరుకి ఒక రుచి ఉంటుంది. పెళ్లిలో ముందు వరస కుర్చీ, కోతపండుగలో మొదటి గుమ్మడికాయ. అది నాలిక మీంచి పోవడానికి కాలం పట్టింది.

బాప్తిస్మమిచ్చు యోహాను శిష్యులు వచ్చి, జనమంతా యేసు దగ్గరికి పోతున్నారని ఫిర్యాదు చేశారు. యోహాను తనను పెళ్లికొడుకు స్నేహితుడితో పోల్చుకుని, ఆయన పెరగాలి, నేను తగ్గాలి అన్న భావంతో సమాధానం చెప్పాడు. అందరికీ తెలిసిన సంగతే. నన్ను ఆకట్టుకునేది వేరే: ఫిర్యాదు తెచ్చినవాళ్లు ఆయన మీద ప్రేమతోనే తెచ్చారు. మనల్ని కుర్చీకి అంటిపెట్టేది చాలాసార్లు మనవాళ్ల ప్రేమే.

ఈ మాట వచ్చినప్పుడు నాకు బిషప్ అజరయ్యగారే గుర్తొస్తారు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళుడు, తిరునల్వేలి జిల్లావారు. వై.ఎం.సి.ఏ.లో పేరున్న ఉద్యోగం విడిచి 1909లో, నిజాం రాజ్యంలో ఉన్న దోర్నకల్‌కి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని పల్లెల్లో తిరిగారు. 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన కట్టించిన కతీడ్రల్ ప్రతిష్ఠ 1939లో జరిగింది. గుడి, మసీదు, చర్చి మూడింటి పోలికలూ అందులో ఉంటాయి.

ఆయన మనసంతా సంఘాల ఐక్యత మీద ఉండేది. ఇంగ్లండులో ఎవరి తాతలో పడ్డ తగాదాలకి మాల, మాదిగ పల్లెల్లో మనం ఎందుకు వేరువేరు చర్చిలు కట్టుకోవాలన్నది ఆ తరంవాళ్ల ప్రశ్న. 1919లో తరంగంబాడిలో కొందరు సేవకులు కూడి ఐక్యత కోసం పిలుపునిచ్చారు. వాళ్లలో అజరయ్యగారొకరు. అక్కణ్నుంచి చర్చలు ఏళ్లకేళ్లు నడిచాయి. కలవాలంటే ప్రతివాళ్లూ ప్రాణప్రదమైనదేదో వదలాలి. బిషప్పుల చేతులు పడనివారి సేవకాభిషేకం చెల్లదన్న పట్టుదలను ఆంగ్లికన్లు సడలించాలి. ఇన్నాళ్లూ బిషప్పులు లేకుండా నడిచిన ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు బిషప్పుని ఒప్పుకోవాలి. మెథడిస్టులు తమ పద్ధతులు కొన్ని పక్కన పెట్టాలి. ఎవరూ పాపాన్ని వదలడం లేదు చూశారా, తమ పెద్దలు ఇచ్చిన మంచినే వదులుతున్నారు. 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకి, మద్రాసులోని సెయింట్ జార్జి కతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అజరయ్యగారు 1945 జనవరి 1నే కన్నుమూశారు.

పాతికేళ్లకి పైగా పని చేసిన మనిషి ఆ ఆరాధనలో లేరు. మోషే కూడా నెబో కొండ మీంచి దేశాన్ని చూశాడే గానీ అడుగుపెట్టలేదు, పని యెహోషువ చేతికి పోయింది. మన ఆయుష్షులోనే పూర్తికావాలన్న పంతం ఉన్నవాడు పెద్ద పనికి పూనుకోలేడు. ఇప్పుడు ఏ చర్చి ఆవరణ గోడ మీద చూసినా రెండు వర్గాల పోస్టర్లుంటాయి, ఏ కమిటీ ఎన్నికకైనా కోర్టు కాగితాలుంటాయి. ఏ సంఘమో చెప్పను, మీకు తెలిసినదే అనుకోండి.

5. కోపం ఒక్కసారి వదిలితే పోదు

ఒక ఊళ్లో కోతపండుగ వేలం డబ్బుల్లో లోటుందని ఒక పెద్దమనిషి మా ఆయన మీద మాట తెచ్చాడు. పుస్తకాలు చూపించారు, పైసాతో సహా సరిపోయింది. ఆ పెద్దమనిషి క్షమాపణ అడగలేదు. ఆదివారం వచ్చి యథాప్రకారం కీర్తన ఎత్తుకున్నాడు, మంచి గొంతు. మా ఆయన ఆ సాయంత్రమే మరిచిపోయారు. నేను క్షమించానని ప్రార్థనలో చెప్పాను, మనస్ఫూర్తిగానే చెప్పాను. మరుసటి ఆదివారం ఆ గొంతు వినగానే కడుపులో మంట మళ్లీ లేచింది.

ఏడుసార్లు క్షమిస్తే చాలా అని పేతురు అడిగాడు. ప్రభువు ఏడు డెబ్భైల సార్ల లెక్క చెప్పాడు. అన్ని తప్పులు ఒక మనిషి మన మీద ఎప్పుడు చేస్తాడా అని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు తోచేదేమిటంటే, తప్పు ఒక్కటే అయినా అది గుర్తొచ్చిన ప్రతిసారీ క్షమించాల్సి వస్తుంది, ఆ లెక్క సులువుగానే పూర్తవుతుంది. ఇది పండితులు చెప్పిన అర్థం కాదు, నా అనుభవం.

పౌలు, బర్నబా మార్కు విషయంలో తీవ్రంగా పోట్లాడుకుని విడిపోయారు, అపొస్తలుల కార్యములు 15లో ఉంది. చివరి రోజుల్లో పౌలు తిమోతికి రాస్తూ, మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు ఉపయోగపడతాడు అన్నాడు. మధ్యలో ఏం జరిగిందో, ఎవరు ఎవరిని క్షమాపణ అడిగారో ఎక్కడా లేదు. ఆ పెద్దమనిషి మనవరాలి పెళ్లికి నేనూ వెళ్లాను. పప్పు బాగుంది, పెరుగు పులిసింది. మంట మొత్తం పోయిందా అంటే లేదు. పిలిస్తే వెళ్లగలిగాను.

6. నాబోతు తన తోట వదల్లేదు

ఇది నేను పట్టుబట్టి చెప్పే పాఠం. "వదిలేయమ్మా, ప్రభువు చూసుకుంటాడు" అన్న మాటని మన సంఘాల్లో ఎక్కువగా ఎవరికి చెబుతారో గమనించండి. తాగొచ్చి కొట్టే మొగుడున్న ఆడదానికి చెబుతారు. జీతం ఎగ్గొట్టబడ్డ బైబిలు స్త్రీకి చెబుతారు. ఎగ్గొట్టినవాడికి "వదిలేయ్" అని చెప్పినవాళ్లని నేను చూడలేదు.

ఆహాబు రాజు పక్కనున్న ద్రాక్షతోట అడిగాడు, మంచి ధర ఇస్తానన్నాడు. నాబోతు మా పితరుల స్వాస్థ్యం ఇవ్వనన్నాడు. ప్రాణం పోయింది. దేవుడు ఏలీయాను పంపి నిలదీసింది ఆహాబును. అంత పట్టుదల ఎందుకని నాబోతును ఎవరూ తప్పుపట్టలేదు. ఫిలిప్పీలో పౌలునీ సీలనీ విచారణ లేకుండా కొట్టి, తెల్లవారాక చప్పుడు చేయకుండా పొమ్మన్నారు. కొట్టినవాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు పౌలు. రాత్రి చెరసాలలో కీర్తనలు పాడిన మనిషే పొద్దున ఈ మాట అన్నాడు.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సవరణ వచ్చింది, మనవాళ్లు బీసీ-సి జాబితాలో ఉన్నారు. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందని కాగితం అంటుంది, ఊరు మాత్రం పోనివ్వదు. దాని గురించి ధర్నాకి వెళ్లిన కుర్రాళ్లని "లోకసంబంధమైనవాటి వెంట పడుతున్నారు" అని ఒక ప్రసంగీకుడు గద్దించాడు. నాకు ఒళ్లు మండింది. నాది నేను ఇస్తే అది త్యాగం. నాది ఇంకొకడు లాక్కుని, నువ్వు త్యాగం చేశావులే అంటే ఊరుకోవడానికి బైబిల్లో ఎక్కడా ఆజ్ఞ లేదు.

7. హన్నా కుట్టిన అంగీ

హన్నా కన్నీళ్లతో అడిగి కన్న బిడ్డని పాలు మాన్పించగానే షిలోహు మందిరంలో విడిచి వచ్చింది. ఆ కథ అక్కడితో ఆగదు. ఏటేటా బలి అర్పించడానికి వెళ్లేటప్పుడు పిల్లవాడికి చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్లేది. ఏడాదికొకసారి చూసే బిడ్డకి కొలత ఎట్లా తెలుసు? ఎంత ఎదిగి ఉంటాడో ఊహించి కుట్టి ఉంటుంది, ఒక మడత ఎక్కువ వదిలి. ఇది నా ఊహే, కుట్టుపని తెలిసినదాన్ని గనక.

మా పిల్లలు అమెరికాలో ఉన్నారు. వాళ్లు వెళ్లే చర్చిలో గిటారు, డ్రమ్సు. మనవలు తెలుగు బైబిలు చదవలేరు, పురుషోత్తమ చౌధరి గారి కీర్తన పాడితే నవ్వుతారు. పిల్లల్ని దూరదేశం పంపడానికి నేను అంత బాధపడలేదు. నా భక్తి ఏ రూపంలో ఉందో అదే రూపంలో వాళ్లకి అందాలన్న ఆశని వదలడానికే గింజుకున్నాను. ఇప్పుడు వాట్సాప్‌లో ఆదివారం ఫోన్ చేసినప్పుడు, ఇవాళ ప్రసంగం దేని మీద అని అడుగుతాను. పెద్ద మనవడు వచ్చీరాని తెలుగులో చెబుతాడు. వాడికి ఎంత వంటబట్టిందో, నేను ఇక్కణ్నుంచి కొలత ఊహించుకోవాలి.

8. పోయినవాళ్ల వస్తువులు

అరణ్యంలో మోషే చేసిన ఇత్తడి సర్పం ఎందరి ప్రాణాలో కాపాడింది. తరతరాలు దాచుకున్నారు, చివరికి దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు. హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. అది దేవుడు చేయించినదే, అయినా పగలగొట్టించాడు.

ఆయన పోయిన తరువాత చొక్కాలు గంట కొట్టే అతనికిచ్చాను. తెల్ల అంగీ సెమినరీలో చదివే కుర్రాడికిచ్చాను, పొడవు సరిపోలేదట, కత్తిరించుకున్నాడు. ప్రసంగాల నోటుపుస్తకాలు ఒక యువ పాస్టరుకిచ్చి, "నీకు పనికిరానివి తగలెయ్యి, నాకు చెప్పకు" అన్నాను. కళ్లజోడు మాత్రం ఉంచుకున్నాను. దానికి ధూపం వేయడం లేదు గనక ఫర్వాలేదు.

నవంబరు 2న సమాధుల పండుగకి సున్నం వేయిస్తాను, బంతిపూలు పెడతాను, కొవ్వొత్తి వెలిగిస్తాను. ఏడుస్తాను కూడా. మగ్దలేనే మరియ తోటలో ప్రభువుని గుర్తుపట్టగానే ఆయన నన్ను పట్టుకోవద్దన్నాడు. అది విని చాలామంది ఆమెని దూరం పెట్టాడనుకుంటారు. ఆ వెంటనే ఆమెకి పని చెప్పాడు: వెళ్లి నా సహోదరులతో చెప్పు అని. చేతులు ఖాళీ చేయించింది అందుకే అనిపిస్తుంది నాకు. విధవరాలైన మొదటి ఏడు ఇంట్లోనే కూర్చున్నాను. రెండో ఏడు సండే స్కూలు పిల్లలకి మళ్లీ కంఠత వాక్యాలు చెప్పడం మొదలుపెట్టాను. అప్పటికి చేతులకి పని దొరికింది.

9. ఇంకొకరు నడుము కట్టే వయసు

ఇది ఇంకా నడుస్తున్న పాఠం. యోహాను సువార్త చివర ప్రభువు పేతురుతో, వయసులో నీ నడుము నువ్వే కట్టుకుని ఇష్టమైన చోటికి వెళ్లావు, ముసలివాడివయ్యాక ఇంకొకడు కట్టి నీకు ఇష్టం లేని చోటికి తీసుకెళ్తాడు అన్న అర్థంలో చెబుతాడు. అది పేతురు హతసాక్షి మరణాన్ని గురించి. మాబోటివాళ్లకి అంత ఘనమైన చావు రాదు, మోకాళ్లు అరుగుతాయి.

ఇప్పుడు నాకు చీర కుచ్చిళ్లు పనిపిల్ల పెడుతుంది. స్నానాల గదికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది. ఇన్నాళ్లూ ఎవరికో ఒకరికి చేసిన చేతులు ఇవి. చేయించుకోవడం చేయడంకన్నా కష్టమని ఎవరూ ముందుగా చెప్పలేదు. పేతురు కూడా పాదాలు కడిగించుకోవడానికి మొదట ఒప్పుకోలేదుగా. మా పిల్ల కుచ్చిళ్లు ఎప్పుడూ ఎడంగా పెడుతుంది. మొదట్లో విప్పించి మళ్లీ పెట్టించేదాన్ని, ఇప్పుడు అట్లాగే చర్చికి వెళ్తున్నాను.

వంట కూడా ఆ పిల్లకే అప్పజెప్పాను. పులుసులో చింతపండు ఎంత పడాలో మాత్రం ఇంకా మంచం మీంచే కేక వేసి చెబుతున్నాను. తను వినడం లేదు.